పై గీత, కింద గీత

ఒకటో రోజు

ఎర్రకొండ మేడలో మా సందుకి ఇచ్చింది ఒక్కటే ఇల్లు. అది వరాలుకి తగిలింది.

దరఖాస్తు పెట్టినవాళ్ళం పదమూడు మందిమి. లాటరీ తీస్తున్నారంటే అందరం సందు మొగలో తెర ముందు చేరాం. పోటు వేళ కావడంతో చీలమండల దాకా సముద్రం వచ్చి ఉంది. చీరలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాం. మొదటి పేరు పడింది. వరహాలమ్మ, ఇంటి నంబరు పద్నాలుగు. దాని కింద నాది. నూకరత్నం, ఇంటి నంబరు పదిహేను, నిరీక్షణ జాబితాలో ఒకటో స్థానం. నా వెనక పదకొండు మంది.

నన్ను సొంత అక్కలా అప్పా అని పిలిచే వరాలు నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఓలప్పా! నా పేరేనా అది? ఓపాలి నువ్వు సదివి సెప్పు. నా కల్లు నాను నమ్మలేకపోతన్నాను."

"నీదేనే" అన్నాను. పైకి నవ్వాను. లోపల పచ్చిమిరపకాయలు నూరి పూసినట్టు మండింది.

ఇప్పటినుంచి నలభై రోజులు గృహబోర్డు మా నిలకడ చూస్తుంది. ఈ నలభై రోజుల్లో ఏ సాయంత్రమైనా వరాలు ఆదాయం హద్దు తప్పిందంటే దాని పేరు కొట్టేసి నన్ను పిలుస్తారు. తప్పలేదంటే అది కొండ మీద, సముద్రం ఎక్కలేనంత ఎత్తులో, పదేళ్ళ దాకా పెరగని అద్దెకి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. నేను ఇక్కడ చేటతో నీళ్ళు ఎత్తిపోసుకుంటూ ఉంటాను.

ఎవరికైనా చెప్పుకోకపోతే కడుపు పగిలేలా ఉంది. చెప్పుకుంటే పరువు పోతుంది. కాగితం మీద రాసింది, గుమ్మం మీద బోర్డు పెట్టిన గడపకన్ను చదవలేదని మా ఆయన అన్నాడు. అందుకే ఈ పాత నోటుబుక్కు తీశాను.

రెండో రోజు

సోమవారం. తెల్లవారగానే తలుపు మాట్లాడింది. "ఈ వారం అద్దె మూడు వేల రెండు వందల అరవై రూపాయలు" అంది. పోయిన వారం మూడు వేల నూట పది. పేరంటానికి పిలవడానికి వచ్చినంత మర్యాదగా చెబుతుంది ముదనష్టపుది. వరసగా మూడు సోమవారాలు కట్టలేకపోతే అదే గొంతుతో నమస్కారం పెట్టి మూసుకుపోతుంది. మళ్ళీ తెరుచుకోదు. ఈ ఏడాది మా గవ్వలపేటలో అలా నాలుగు తలుపులు మూసుకున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు సామాను నెత్తిన పెట్టుకుని పడవల బస్తీకి పోయారు.

మా ఆయన పేరు సింహాచలం. ఎర్రకొండ మీదికి తీగల మీద వేలాడుతూ పోయే తీగబండ్లకి గ్రీజు పెడతాడు. నేను వడపోత ప్లాంటులో పని చేస్తాను. ఇద్దరి జీతాలూ కలిపి ఇప్పటికి సరిపోతున్నాయి. అద్దె ఇలాగే పెరిగితే దసరా నాటికి మా తలుపు కూడా నమస్కారం పెడుతుంది.

నీళ్ళ బిందె ఎత్తుకుని వస్తూ పద్నాలుగో నంబరు ముందు ఆగాను. ఆగకూడదు అనుకుంటూనే ఆగాను. ప్రతి తలుపు పక్కనా గోడలోకి దిగేసిన గాజుపట్టీ ఉంటుంది. గడిచిన ఇరవై రోజుల్లో ఇంట్లోకి ఎంత వచ్చిందో అంత ఎత్తున అందులో ఆకుపచ్చ వెలుగు నిలబడుతుంది. పైన ఒక ఎర్రగీత, కింద ఒక ఎర్రగీత. పైది దాటితే ఉన్నవాళ్ళం, మాకు మేడ ఎందుకంటారు. కిందదాని కంటే దిగితే అద్దె కట్టుకోలేనివాళ్ళం, మాకు మేడ ఎందుకంటారు. ఆ రెంటి మధ్యనే బతకాలి. పొద్దుగూకే వేళ గుమ్మం మీది గడపకన్ను రోజుకోసారి చూసి బోర్డుకి చెబుతుంది. దారినపోయే ప్రతివాడికీ మన బతుకు గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది.

వరాలు పట్టీ పై గీతకి రెండు వేళ్ళ కింద ఉంది. నాది నాలుగు వేళ్ళ కింద. అంటే సంపాదనలో కూడా అది నాకంటే పైనే.

ఇద్దరం ఒకే నెలలో ఈ సందుకి కాపురానికి వచ్చాం. కుళాయి దాని గుమ్మం ముందు వేశారు. పోటు నీళ్ళు దాని మూడో మెట్టు దగ్గర ఆగుతాయి, నా ఇంట్లో మంచం కోళ్ళు తడుపుతాయి. మొగుడు పోయాక పదేళ్ళుగా ముసలి తండ్రిని పెట్టుకుని, నాచు ఆరబెట్టే షెడ్డులో రెండు షిఫ్టులు చేస్తూ ఒక్కతే నెట్టుకొస్తోంది, అయినా దాని జుట్టు నల్లగానే ఉంది. నాది చూడండి.

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారేటే?" అన్నాడు మా ఆయన, నేను గొణుక్కోవడం విని.

"నీకేటి, రోజంతా కొండ మీదే తిరుగుతావు. కిందుండి సూసేదాన్ని నాను" అన్నాను.

ఐదో రోజు

ప్లాంటులో నా పని జల్లెడలు కడగడం. సముద్రం నీళ్ళు మంచినీళ్ళయ్యే ముందు వాటిలోంచే పోతాయి. చిక్కింది ఏదైనా కడిగినవాళ్ళదే అని అక్కడి వాడుక. మామూలుగా నాచూ ప్లాస్టిక్కూ చిక్కుతాయి. ఎప్పుడైనా అదృష్టం బాగుంటే గుప్పెడు రొయ్యలు, తొట్టిలో పెంచినవి కాదు, అసలు సముద్రంలో పుట్టినవి. బజారులో వాటి ధర వింటే గుండె ఆగుతుంది. ఈ నెలలో చల్లటి నీరు తిరిగినట్టుంది, రోజూ చిక్కుతున్నాయి.

ఇవాళ అమ్మకుండా ఇంటికి తెచ్చాను. గడప దాటానో లేదో పట్టీలో వెలుగు చివుక్కున పైకి లేచింది. గోరంత మేర.

"అదేటి, ఒట్టి రొయ్యలే గదా" అన్నాను.

మా ఆయన నవ్వాడు. "ఎనకటికి జనం జీతం బదులు బియ్యం, సేపలు పట్టికెళ్ళీవోరంట. అందుకే ఊరికే ఏటొచ్చినా బజారు దర కట్టీమన్నారు. కొనుక్కుంటే లెక్క నేదు. ఎవులైనా ఇస్తే ఉంది. లోపలికొచ్చిందల్లా ఆదాయం, బయటికెల్లిందల్లా పున్నెం."

"ఇచ్చినోల్లకి తగ్గదా?"

"తగ్గదు. ఇచ్చినోల్లకి తగ్గిస్తే ఊళ్ళో అందరూ దానకర్ణులైపోరూ?"

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. పద్నాలుగో నంబరు గోడ వైపు చూశాను. రెండే రెండు వేళ్ళు.

ఆరో రోజు

పొయ్యి అరుగు మీద పెట్టాను. రొయ్యల్ని ప్లాంటు నుంచి తిన్నగా అరుగు మీదికే తెచ్చాను, నా గడప దాటనివ్వలేదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ వేయించి, బెల్లం ముక్క వేసి పులుసు కాచాను. సందంతా ఘుమఘుమలాడిపోయింది. నా వెనక జాబితాలో ఉన్న పదకొండు మందీ ముక్కులు ఎగబీల్చారు. పెద్ద గిన్నెడు పట్టుకెళ్ళి వరాలు చేతిలో పెట్టాను.

"నీకు ఇల్లొచ్చిందిగదే. నోరు తీపి సెయ్యడానికి నాకాడ మిఠాయి నేదు. ఇదే అనుకో" అన్నాను.

దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా యమ్మ పోయినకాడ్నుంచి నాకు వండి పెట్టినోల్లు నేరప్పా" అంది. లోపలినుంచి వాళ్ళ అయ్య "ఏటే ఆ వోసన?" అని కేకేశాడు. గిన్నె గడప దాటింది. పట్టీ గోరంత లేచింది.

రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పట్టింది.

తొమ్మిదో రోజు

నాలుగు రోజుల్లో నాలుగు గిన్నెలు. ఇది ఖర్చు లేని పని కాదు. ఆ రొయ్యలు గేటు దగ్గర అమ్ముకుంటే అద్దెలో సగం వచ్చేది. పైగా ఖాళీ గిన్నె తిప్పి పంపడం అరిష్టమని మా వైపు పట్టింపు. వరాలు ప్రతిసారీ గిన్నెలో ఏదో ఒకటి వేసి పంపుతుంది. ఒకరోజు దాని కుండీలో కాసిన నాలుగు వంకాయలు. ఒకరోజు మునగాకు. నిన్న మరీ ఘోరం, దోసెడు నాటు పెసలు. నా పట్టీ కూడా వెంట్రుకవాసి చొప్పున పెరుగుతోంది. చచ్చేంత ఒళ్ళు మండింది. నేను దాన్ని తోద్దామనుకుంటే అది నన్ను తోస్తోంది. అదీ తెలియక.

నాకు నాలుగు వేళ్ళ జాగా ఉంది, దానికి రెండే. ముందు పడేది అదే. అలా అనుకుని రేపటికి చింతపండు నానబెట్టాను. ఇవాళ తలుపు మూడు వేల నాలుగు వందల పది అంది.

పద్నాలుగో రోజు

పట్టీ కదలడం లేదు!

పదో రోజుకి పై గీతకి వేలెడు దూరం వచ్చింది. అక్కడే ఆగింది. నేను గిన్నె పెద్దది చేశాను. కూర మీద జీడిపప్పు చల్లాను, జీడిపప్పు! మా పెళ్ళిలో కూడా వెయ్యలేదు. గిన్నె లోపలికి వెళ్ళినప్పుడు వెలుగు లేస్తోంది, మర్నాటికి మళ్ళీ అక్కడికే దిగుతోంది. ఏం మాయ చేస్తోందో అర్థం కావడం లేదు. ఎవరికైనా లంచం పెట్టిందా అంటే అంత తెలివి దానికి లేదు. అదృష్టవంతుణ్ణి చెరపలేరంటారు, ఆ సామెత కట్టినవాడికి ఇలాంటి పొరుగు ఉండి ఉంటుంది.

ఇది చాలదన్నట్టు ఈ గిన్నెలు తిని వాళ్ళ అయ్య ఒళ్ళు చేస్తున్నాడు. నన్ను చూసినప్పుడల్లా రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు.

పంతొమ్మిదో రోజు

ఇక ఉండబట్టలేక సాయంత్రం గిన్నె పట్టుకుని తిన్నగా లోపలికే వెళ్ళాను. ఆ వేళకి వరాలు నాచు షెడ్డులో రెండో షిఫ్టులో ఉండాలి. ముసలాడు ఒక్కడే ఉంటాడు, ఏదో ఒకటి కూపీ లాగుదామనుకున్నాను. అది ఇంట్లోనే ఉంది, నేల మీద కూర్చుని చిరిగిన దుప్పటి కుడుతోంది.

"సిప్టుకి ఎల్లలేదేటే?"

"మానీసినానప్పా. తొమ్మిది రోజులయింది."

"మానీడం ఏటి! పిచ్చెక్కిందా?"

అది తల వంచుకుని నవ్వింది. "పట్టీ పైకొచ్చీసింది గదా. ఏదో ఒకటి తగ్గించుకోవాల. డబ్బులు వొద్దనొచ్చు, అప్ప పెట్టింది వొద్దంతే నా కల్లు పోవా? అయ్య కూడా నీ పులుసుతోటే ఇంత కూడు తింతన్నాడు. మేడెక్కినాక మళ్ళీ పనికెల్తాను. అందాకా నీ గిన్ని ఉంది గదా, మాకేటి లోటు?"

గిన్నె కింద పెట్టి వచ్చేశాను. ఏమన్నానో గుర్తు లేదు. నేను దాన్ని ముంచడానికి పెట్టిన కూడు తిని అది బతుకుతోంది. నా గిన్నె కోసం సగం జీతం వదులుకుంది. దాని ముందు చీపురుపుల్లంత అయిపోయాను. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా లోపల ఒక మూల కుళ్ళుగానే ఉంది. నాకోసం ఎవరైనా అలా వదులుకున్నారా అని.

ఇరవయ్యో రోజు

మానేశాను. రొయ్యలు గేటు దగ్గరే అమ్మేశాను. అరుగు మీద పొయ్యి ఎత్తేశాను. ఇల్లు దానికి రాసిపెట్టి ఉంది, ఎక్కనీ. ఈ పాపం ఇక నాకొద్దు.

మా ఆయనకి అంతా చెప్పాను. "ఇప్పటికైనా బుద్దొచ్చింది, అదే సాలు" అన్నాడు. మంచిదాన్ని అయిపోయినట్టు అనిపించి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఇరవై ఏడో రోజు

వరాలు గుమ్మం బయటే నిలబడి అడిగింది. "అప్పా, నామీద కోపమేటి?"

"కోపమెందుకే. ఇప్పుడు జల్లెడల్లో ఏటీ పడ్డం నేదు." ఉదయమే దోసెడు అమ్మి వచ్చాను.

"అయ్య అడుగుతన్నాడు. రత్నం పులుసు రాలేదేటి, రత్నానికి ఒంట్లో బాగులేదేటి అని." కాసేపు కొంగు మెలిపెట్టుకుంది. "షెడ్డుకి ఎల్లినాను. సాయంత్రం పనికి ఆరబెట్టే మిషను తెచ్చీసారంట. మరి మనుసులక్కర్లేదన్నారు."

"పొద్దుటి సిప్టుందిగదా" అన్నాను.

"ఉంది" అంది. నవ్వింది కూడా.

ముప్పయ్యో రోజు

సోమవారం. మూడు వేల ఎనిమిది వందల తొంభై. ఒక్క వారంలో రెండు వందలకి పైగా ఎగిరింది. మేడలు కట్టాక కొండ కింద కూడా గిరాకీ పెరిగిందట, తలుపు మర్యాదగా వివరించింది. మా డబ్బాలో ఉన్నది ఊడ్చి కట్టాం. పక్కింటి వరాలు తలుపు "బకాయి, ఒకటో వారం" అనడం గోడలోంచి వినిపించింది.

ముప్పై ఆరో రోజు

మా ఆయన పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు, "వరాలు పట్టీ సూసినావా?"

ఇన్ని రోజులూ చూడకుండా తల తిప్పుకుని పోతున్నాను, మంచిదాన్ని కదా. వెళ్ళి చూశాను. వెలుగు కింద గీతకి అరవేలు పైన ఉంది.

నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ పై గీత ఒక్కటే చూశాను నేను. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. దాని సాయంత్రం జీతం ఇరవై రోజుల లెక్కలోంచి ఎప్పుడో జారిపోయింది. ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నవి నా గిన్నెలే. అవి కూడా రోజుకొకటి చొప్పున జారిపోతున్నాయి. పంతొమ్మిదో రోజు పెట్టిన ఆఖరి గిన్నె ముప్పై తొమ్మిదో రోజు సాయంత్రానికి లెక్క తప్పుతుంది. కుళ్ళుతో పెట్టినన్నాళ్ళూ అది గీతల మధ్య నిలబడింది. జాలితో మానేశాను, కూలిపోతోంది.

"ఓ గిన్ని పెడితే నిలబడిపోద్ది" అన్నాడు మా ఆయన. "ఒక్క గిన్ని. ముప్పైతొమ్మిదో రోజున."

"తెలుసు."

"పెడతావా మరి?"

"ఎందుకు పెట్టను? నానేటి రాచ్చసినా?" అని కయ్యిమన్నాను.

ఆయన తువ్వాలు అందుకుని కాళ్ళు తుడుచుకున్నాడు.

ముప్పై ఏడో రోజు

నాలుగు వేల నూట ఇరవై. మా దగ్గర అంత లేదు. మా తలుపు కూడా ఇవాళ "బకాయి, ఒకటో వారం" అంది. వినడానికి చాలా తేడాగా ఉంది, మన తలుపు అంటే.

రోజంతా జల్లెడలు కడుగుతూ ఒకటే ఆలోచన. వరాలు మేడ ఎక్కితే, ఇంకో రెండు సోమవారాల్లో మేం పడవ ఎక్కుతాం. వరాలు కింద పడితే మేం మేడ ఎక్కుతాం. నేను దాన్ని తొయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఇంట్లో కూర్చుంటే చాలు.

ముప్పై తొమ్మిదో రోజు

జల్లెడలో గుప్పెడు రొయ్యలు పడ్డాయి. అమ్మలేదు. ఇంటికి తెచ్చాను, ఈసారి అరుగు మీద కాదు, గడప దాటించి లోపల వండాను. వాన తుంపర పడుతోంది, పొయ్యి తడుస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. తుంపర ఎప్పుడో ఆగిపోయింది.

పులుసు బాగా కుదిరింది. పెద్ద గిన్నెలో పోసి మూత పెట్టాను. పొద్దు వాలడానికి ఇంకా గంట ఉంది. గిన్నె ముందు కూర్చున్నాను. లేచి పట్టుకెళ్ళడానికి పది అడుగులు. పైట సర్దుకున్నాను కూడా. కూర్చునే ఉన్నాను.

అప్పుడు వరాలే వచ్చింది. నా గడప అవతల నిలబడింది. చేతిలో ఏమీ లేదు.

"అప్పా, పట్టీ సూసుకున్నాను. ఇయాలటితో కిందికెల్లిపోతాదంట. సందులో అందర్నీ అడిగినాను. ఆల్లెందుకు ఇస్తారు, ఆల్లూ జాబితాలో ఉన్నోల్లే." గొంతు సవరించుకుంది. "అడగడానికి సిగ్గేస్తంది. ఓ గిన్ని కూర ఉంటే పెట్టప్పా. నీకు రునముంటాను."

ఇల్లంతా పులుసు వాసన. గుమ్మం దాటి సందులోకి కూడా పోతోంది. దాని ముక్కుకి తగలకుండా ఎలా ఉంటుంది? గిన్నె నా వెనక ఉంది, నా చీర అంచుకి వేడి తగులుతోంది.

"నేదే" అన్నాను.

అది నా మొహం చూసింది. తరవాత నా భుజం మీదుగా లోపలికి చూసింది. తరవాత మళ్ళీ నా మొహం చూసింది.

"సరే అప్పా" అంది. వెళ్ళిపోయింది.

పొద్దుగూకింది. పక్కింటి గడపకన్ను టిక్కుమన్న చిన్న చప్పుడు వినిపించింది, అంతే. మా ఆయన వచ్చి గిన్నె చూశాడు, నన్ను చూశాడు. కంచాలు ఆయనే పెట్టాడు. పులుసు మేమే తిన్నాం. ఇద్దరం రెండోసారి కూడా వడ్డించుకున్నాం.

నలభయ్యో రోజు

తెర మీద దాని పేరు మీద గీత కొట్టేశారు. నా పేరు పైకి జరిగింది. సమ్మతమేనా అని బోర్డు గొంతు అడిగింది. సమ్మతమే అన్నాను. మూడుసార్లు అడుగుతుందట. మూడుసార్లూ అన్నాను.

మేడ మీద ఒకటో రోజు

పద్నాలుగో అంతస్తు. సామాను తీగబండిలో తెచ్చుకున్నాం. మంచం సందులోంచి బయటికి తీసేటప్పుడు మేమిద్దరం మొయ్యలేకపోయాం. వరాలు తన గుమ్మంలోంచి లేచి వచ్చి రెండో కొస పట్టుకుంది. తీగబండి స్టాండు దాకా మోసింది. "మెట్లు జాగర్తప్పా" అంది. నేనేమైనా అంటానేమో అని ఒక్క క్షణం ఆగింది. నేను మంచం కోళ్ళకి తాడు చుడుతూ ఉండిపోయాను.

తిట్టి ఉంటే బాగుండేది. మట్టి ఎత్తి పోసి ఉంటే ఇంకా బాగుండేది. నేనైతే సందు నడిమధ్యన నిలబడి మూడు తరాలు తిట్టేదాన్ని. మంచం మొయ్యడం ఏమిటి?

మేడ మీద ఆరో రోజు

ఇక్కడ గోడలకి చెమ్మ లేదు. తలుపు సోమవారం ఏమీ మాట్లాడలేదు. నేను నాలుగింటికే లేచి దాని ముందు కూర్చున్నాను, అలవాటు.

ఇక్కడ కూడా పట్టీలున్నాయి. ఏటేటా నలభై రోజులు మళ్ళీ చూస్తారట. కొత్తగా వచ్చాం కదా అని నాలుగు వంకాయలు తీసుకుని ఎదురింటి తలుపు కొట్టాను. ఆవిడ గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూసింది. "ఏమీ అనుకోకండి. మేం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోం" అంది. తలుపు వేసేసింది. మిగిలిన తలుపులు కొట్టలేదు. ఈ అంతస్తులో ఎవరి గడప ఎవరూ తొక్కరని రెండు రోజుల్లో తెలిసిపోయింది.

మేడ మీద పన్నెండో రోజు

వరాలు తలుపు పోయిన సోమవారం మూసుకుందని మా ఆయన చెప్పాడు. తండ్రిని తీసుకుని పడవల బస్తీకి పోయిందట. నేను ఏమీ అడగలేదు, ఆయనే చెప్పాడు. చెప్పి నా మొహం చూశాడు. నేను బియ్యం ఏరుకుంటూ ఉన్నాను.

మేడ మీద పంతొమ్మిదో రోజు

తీగలు తెగాయేమో చూడటానికి మా ఆయన దగ్గర దుర్భిణి ఉంటుంది. ఇవాళ ఆయన నిద్రపోతుంటే తీసుకుని వసారాలో నిలబడ్డాను. ఇక్కడినుంచి పడవల బస్తీ మొత్తం కనిపిస్తుంది. వెతగ్గా వెతగ్గా దొరికింది. నీలం పడవ. ముసలాడు ఎండలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. వరాలు తాడు మీద బట్టలు ఆరేస్తోంది. మనిషి చిక్కిపోయింది. చిక్కినా జుట్టు నల్లగానే ఉంది.

ఏడుస్తుందేమోనని చూశాను. ఏడిస్తే నాకూ ఏడుపు వచ్చేది, వస్తే కాస్త తేలికపడేదాన్ని. ఎంతసేపు చూసినా ఏడవలేదు.

పడవలకి గడపలు లేవు. కాబట్టి కళ్ళూ లేవు, గీతలూ లేవు. పక్క పడవలోంచి ఎవరో పచ్చచీర మనిషి, నా ఈడుదే, చెక్క మీద నడుచుకుంటూ వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. వరాలు చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. "అప్పా" అన్నట్టు పెదాలు కదిలాయి. నాకు కనిపించింది, ఆ మాట నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. నా కడుపులో భగ్గుమంది. మొదటి రోజు తెర ముందు నీళ్ళల్లో నిలబడినప్పుడు కూడా ఇంత మండలేదు. ఇల్లు పోయింది, పని పోయింది, అయినా దానికి మళ్ళీ ఒక అప్ప దొరికింది.

వరాలు మూత తీసింది. వంగి వాసన చూసింది. పగలబడి నవ్వి, గిన్నె పట్టుకెళ్ళి తండ్రికి చూపించింది. ముసలాడు రెండు చేతులూ ఎత్తాడు. దుర్భిణి మర ఎంత తిప్పినా గిన్నెలో ఏముందో కంటికి ఆనలేదు.

లోపలికి వెళ్ళి మా ఆయన్ని లేపాను. "నీ కల్లు మంచివి గదా, ఓపాలి సూడు. ఆ గిన్నిలో ఏటుందో సెప్పు" అన్నాను. ఆయన లేచి వచ్చి చాలాసేపు చూశాడు. కనబడలేదన్నాడు. దుర్భిణి మళ్ళీ నేనే తీసుకున్నాను.